మూడో సంచి

అద్దంలో మళ్ళీ అవే రెండు లైట్లు!

ఎడమది పసుపు. కుడిది తెలుపు. నాలుగు మలుపులు దాటినా అవే.

ఆమె స్కూటర్ యాక్సిలరేటర్ ఇంకాస్త తిప్పుతుంది. బండి గట్టిగా గొణుగుతుందే తప్ప వేగం పెంచదు. పదకొండేళ్ళ బండి. ఆఫీసుకి, ఇంటికి, కూరగాయల మార్కెట్‌కి తప్ప దేనికీ పుట్టలేదది. ఇవాళ ఉన్నట్టుండి పారిపొమ్మంటే ఎక్కడికని పారిపోతుంది?

టైమ్ ఎనిమిదీ అయిదు.

తొమ్మిదిలోపు చేరాలి.

కుడిపక్క సందు కనిపిస్తుంది. ఇండికేటర్ వెయ్యకుండా తిప్పేస్తుంది. చెత్తడబ్బా హ్యాండిల్‌కి రాసుకుని దొర్లుతుంది. ఎవరో బాల్కనీలోంచి తిడతారు. ఆమె వెనక్కి చూడదు...

ఆ లైట్ల వ్యాను కూడా తిరిగింది!

భుజానికి అడ్డంగా వేసుకున్న హ్యాండ్‌బ్యాగ్‌ని మోచేత్తో ఒంటికేసి అదుముకుంటుంది. లోపల అరచేయంత గుడ్డసంచి ఉంది. అందులో బంగారమేమీ లేదు. గుప్పెడు ప్లాస్టిక్ గుళికలున్నాయి. అంతే.

ఆ గుళికలు తెల్లవైతే ఆమె తమ్ముడు ఇంటికొస్తాడు.

బూడిదరంగువైతే జైలుకి పోతాడు.

ఏ రంగువో ఆమెకి తెలియదు. సంచికి సీలు ఉంది. ఆ సీలు ఆమె విప్పకూడదు.

* * *

ఆమె కస్టమ్స్ ల్యాబ్‌లో కెమిస్టు. పద్దెనిమిదేళ్ళ సర్వీసు. ఓడరేవులో దిగే ప్లాస్టిక్ ఏదైనా, దాని నమూనా ఆమె బల్ల మీదికి రావలసిందే. ఎదురుగా అందరూ మేడం అంటారు. చాటుగా సీలమ్మ అంటారు. నమూనా సంచి మీది లక్క వెంట్రుకవాసి చీలినా సరే, తల కూడా ఎత్తకుండా కిటికీలోంచి తిప్పికొడుతుంది. ఎవరు బతిమాలినా, ఎవరు ఫోన్ చేయించినా అంతే. సీలు పగిలాక అది నమూనా కాదు, చెత్త... ఆమెకున్నది ఆ ఒక్క మాటే.

ఆ తిప్పికొట్టిన సంచులు పడెయ్యడానికి ల్యాబ్ మూలన ఒక చెక్కపెట్టె కూడా ఉంది.

ఇంతకీ ఈ గుళికల గోల ఏమిటంటే... విదేశీ కంపెనీలు తమ దేశంలో వందకి అమ్మే ప్లాస్టిక్‌ని ఇక్కడ అరవైకి తెచ్చి గుమ్మరించాయి. అయిదేళ్ళలో ఇక్కడి ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆమె నాన్న పనిచేసిన ఫ్యాక్టరీ కూడా పోయింది. గేటుకి తాళం పడిన రోజు ఆయన అన్నం డబ్బా మూత తియ్యకుండానే ఇంటికి తెచ్చాడు. ఆ తర్వాత ఎప్పుడో సర్కారుకి మెలకువ వచ్చింది. అలా కారుచౌకగా దిగే కొత్త ప్లాస్టిక్ మీద నడ్డి విరిగేంత సుంకం వేసింది. యాంటీ డంపింగ్ డ్యూటీ. నాన్న దాన్ని చూడలేదు. అప్పటికే పోయాడు.

సుంకం పడితే దొంగదారి పుట్టకుండా ఉంటుందా?

వాడి పారేసిన ప్లాస్టిక్‌ని కరిగించి చేసే పాత గుళికల మీద ఆ సుంకం లేదు. అవి బూడిదరంగులో ఉంటాయి. కొత్తవి తెల్లగా మెరుస్తాయి. ఓడలోంచి తెల్లవి దించడం, కాగితం మీద బూడిదవని రాయడం... వ్యాపారమంతా ఇంతే.

దానికి అడ్డం నమూనా ఒక్కటే.

ఆ నమూనా తీసేది ఆమె తమ్ముడు. యార్డులో గుమస్తా. కంటెయినర్ తెరిచి గుళికలు తీస్తాడు. మూడు సంచుల్లో పోస్తాడు. కుట్టి, ముడి మీద లక్క పోసి ముద్ర వేస్తాడు. ఒక సంచి ల్యాబ్‌కి. ఒకటి దిగుమతి చేసుకున్నవాడికి. మూడోది ఆఫీసు లాకర్‌కి. మొదటి రెండింటి మీదా యార్డు ముద్ర ఉంటుంది, అది పదిమంది చేతుల్లో తిరిగేదే. మూడోదాని మీద మాత్రం పెద్దాఫీసరు స్వయంగా తన ముద్ర వేస్తాడు. ఆ ఇత్తడి ముద్ర ఆయన జేబు దాటదు. దానికి నకలు లేదు.

మూడు నెలల కింద నలభై కంటెయినర్లు దిగాయి. ల్యాబ్ సంచి వచ్చింది. సీలు నిక్షేపంగా ఉంది. ఆమే తెరిచింది. బూడిద. ఆమే రిపోర్టు రాసింది. సుంకం లేకుండా సరుకు వెళ్ళిపోయింది.

మొన్న తెలిసింది... ఆ సరుకంతా తెల్లదని!

ఇక్కడి ఫ్యాక్టరీ వాళ్ళు ఫిర్యాదు చేశారు. అప్పటికి సరుకెక్కడుంది? సగం కుర్చీలైపోయింది. సగం బకెట్లైపోయింది. జనం వాటిలో నీళ్ళు పట్టుకుంటున్నారు.

మరి నమూనా మార్చిందెవరు? అందరి వేళ్ళూ తమ్ముడి వైపే లేచాయి. పైగా లాకర్‌లో ఉండాల్సిన మూడో సంచి కనిపించడం లేదు. అదీ అతనే మాయం చేశాడన్నారు.

ఇవాళ మధ్యాహ్నం కస్టమ్స్ వాళ్ళే అరెస్టు చేశారు.

సాయంత్రం ఆఫీసు లాకప్‌లో రెండు నిమిషాలు మాట్లాడనిచ్చారు. తమ్ముడు ఊచల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"సంచి తీసింది నేనే అక్కా. లాకర్‌లో ఉంటే కాల్చేస్తారని తీశాను. నీ ల్యాబ్‌లోనే ఉంది. నువ్వు తిప్పికొట్టిన సంచుల పెట్టెలో, అట్టడుగున. దాని జోలికి ఎవడూ పోడు కదా."

"లోపల ఏముందిరా?"

"తెల్లదే. నేను పోసింది మూడింట్లోనూ తెల్లదే. దారిలో ఎవడో ల్యాబ్ సంచి మార్చాడు. నీ మీద ఒట్టు."

ఆ ఒట్టు దగ్గరే ఆమె గతుక్కుమంది.

వాడి ఒట్లు ఆమెకి కొత్తా? పదో తరగతి తప్పి, పాసయ్యానని ఆమె మీద ఒట్టు పెట్టాడు. సిగరెట్ మానేశానని ఒట్టు పెట్టాడు. స్నేహితుడి ఇంట్లో చదువుకుంటున్నానని ఒట్టు పెట్టి మూడు రోజులు సముద్రం ఒడ్డున తిరిగాడు. తన మీద ఇన్ని దొంగ ఒట్లు పడ్డాక కూడా తను బతికుండటం ఆమెకే వింతగా ఉంటుంది. అమ్మ పోయినప్పుడు వాడికి ఆరేళ్ళు, ఆమెకి పంతొమ్మిది. అన్నం తినిపించింది ఆమే. వీపు మీద రెండు వేసిందీ ఆమే.

అయినా ల్యాబ్‌కి వెళ్ళింది. పెట్టె అట్టడుగున సంచి దొరికింది. పెద్దాఫీసరు ముద్ర చెక్కుచెదరకుండా ఉంది. అక్కడి ఫోన్ నుంచే ఆయనకి విషయం చెప్పింది.

ఆయన అంతా విన్నాడు. తర్వాత అన్నాడు.

"తొమ్మిదిలోపు మా ఇంటికి తీసుకురా అమ్మా. మీ తమ్ముణ్ణి కూడా రప్పిస్తాను. ఇద్దరు సాక్షుల ముందు నేనే తెరుస్తాను. సీలు మాత్రం జాగ్రత్త. తొమ్మిది దాటితే ఫైలు పోలీసులకి వెళ్ళిపోతుంది. ఇక నేను చెయ్యగలిగింది ఉండదు."

బయటికొస్తుంటే ల్యాబ్ వాచ్‌మన్ ఎన్నడూ లేనిది నిలబడి సెల్యూట్ కొట్టాడు.

గేటు దాటిన రెండు నిమిషాలకి అద్దంలో లైట్లు!

* * *

సందు చివర ఒక లారీ ఆగి ఉంది.

ఆమె దాని వెనక్కి దూరి ఇంజన్ ఆపేస్తుంది. లైటు ఆపేస్తుంది. ఊపిరి కూడా ఆపేసేదే, చేతనైతే.

వ్యాను వచ్చింది...

లారీకి ఇరవై అడుగుల దూరంలో ఆగింది. లైట్లు ఆరాయి. ఎవరూ దిగలేదు. తలుపు తెరుచుకోలేదు.

ఒక నిమిషం. రెండు నిమిషాలు.

దిగరేం? ఇక్కడ ఆమె ఒక్కతే. అరిచినా వచ్చే దిక్కు లేదు. ఇద్దరు మనుషులు దిగితే సంచి లాక్కోవడం చిటికెలో పని. మరి దిగరేం?

ఆలోచించే టైమ్ లేదు. కిక్ కొడుతుంది. ఒకటి... రెండు... మూడోదానికి అందుకుంటుంది. మెయిన్ రోడ్డు ఎక్కేస్తుంది.

వెనక మళ్ళీ పసుపు, తెలుపు.

ఎదురుగా బారికేడ్. పోలీసులు! ప్రాణం లేచొస్తుంది. సరాసరి వాళ్ళ దగ్గరికే పోనిచ్చి బ్రేకు వేస్తుంది. ఎవరో వెంబడిస్తున్నారని వగరుస్తూ చెబుతుంది.

కానిస్టేబుల్ ఆమె చూపించిన వైపు చూస్తాడు. వ్యాను దూరంగా, బుద్ధిగా, రోడ్డు పక్కన ఆగి ఉంది.

తర్వాత ఆమె వైపు చూస్తాడు. ఆమె బ్యాగ్ వైపు చూస్తాడు. అంత గట్టిగా పట్టుకున్నారేమిటి, ఏముంది అందులో అని అడుగుతాడు. ఆమె ఐడీ కార్డు తీసి చూపిస్తుంది. కస్టమ్స్ నమూనా అంటుంది. అతను టార్చి వేసి సంచిని అటూ ఇటూ తిప్పుతాడు.

"తెరవండి. చూసి పంపించేస్తాం."

ఆమె సంచి కోసం చెయ్యి చాపుతుంది.

"తెరవకూడదు బాబూ. సీలు పగిలితే ఇక ఇది దేనికీ పనికిరాదు."

"తెల్లపొడి ఏమైనా అయితే? పైవాళ్ళకి ఎవరు జవాబు చెప్తారు?"

బొటనవేలు లక్క అంచు మీద పెట్టాడు. ఆమె రెండు చేతులూ జోడిస్తుంది. పద్దెనిమిదేళ్ళలో ఎంతమంది ఆమె కిటికీ బయట ఇలా చేతులు జోడించి ఉంటారో! ఒక్కళ్ళ మొహమూ గుర్తు లేదు.

వెనక నుంచి ఎస్సై కేక వేస్తాడు, ఆ లారీని ఆపరా అని. కానిస్టేబుల్ విసుగ్గా సంచి ఆమె చేతిలో పెట్టి పరుగెడతాడు.

ఆమె లక్కని తడిమి చూసుకుంటుంది. బాగానే ఉంది. ఇంకెవరినీ సాయం అడగకూడదని అర్థమవుతుంది. సాయం చెయ్యబోయే ప్రతివాడూ ముందు సంచి తెరవమంటాడు.

మళ్ళీ రోడ్డు.

మళ్ళీ లైట్లు.

ఎనిమిదీ ఇరవై తొమ్మిది.

* * *

రైల్వే గేటు పడుతోంది!

"ఆగండి... ఆగండి!"

కర్ర ఆమె కళ్ళ ముందే పడిపోతుంది. గేటు అవతల అయిదు నిమిషాల దూరంలో పెద్దాఫీసరు ఇల్లు. గూడ్సు రైలు వస్తోంది. బొగ్గు పెట్టెలు, నత్తకి అన్నలా కదులుతున్నాయి. ఎన్ని పెట్టెలున్నాయో ఆ దేవుడికే తెలియాలి.

వెనక వ్యాను వచ్చి ఆగుతుంది. మధ్యలో రెండు కార్లు.

ఫోన్ మోగుతుంది.

తెలియని నంబరు. ఎత్తుతుంది.

"మేడం, బాగున్నారా? గేటు పడింది కదా, కాసేపు మాట్లాడుకోవచ్చు."

ఆ గొంతు ఆమెకి తెలుసు. ఆ నలభై కంటెయినర్లు దింపిన ఏజెంటు. ల్యాబ్ కిటికీ దగ్గర నెలకి పదిసార్లు కనిపిస్తాడు. ఎంత కసిరినా నవ్వుతూనే ఉంటాడు.

"ఎందుకు నా వెంట పడుతున్నారు?"

"మీ మేలు కోరే మేడం. మీరు సంచి తీసుకెళ్ళి మీ తమ్ముణ్ణి మీ చేతులతో జైల్లో పెట్టబోతున్నారు. అది చెప్దామని."

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌ని ఒంటికి ఇంకాస్త అదుముకుంటుంది.

అతను నింపాదిగా చెప్పుకొస్తాడు. నమూనా మార్చింది మీ తమ్ముడే అంటాడు. దారిలో ఎవరూ మార్చలేదు, మూడు సంచుల్లోనూ మొదట్లోనే బూడిదవి పోశాడు, మాతో మాట్లాడుకునే పోశాడు అంటాడు. మరి లాకర్ సంచి ఎందుకు దాచాడనుకున్నారు? తెరిస్తే తన బండారం బయటపడుతుందనే కదా! ఇప్పుడు భయపడి అక్క దగ్గర తెల్లవని బొంకాడు. సంచి మీరు తెరవరని వాడి ధీమా.

"సంచి లేకపోతే అనుమానం ఒక్కటే మిగులుతుంది మేడం. ఉద్యోగం పోతుంది, అంతే. సంచి ఉంటే రుజువు. ఏడేళ్ళు."

"అబద్ధం."

"ఒక ఫోటో పంపాను. చూడండి. చూశాక మీ ఇష్టం. పక్కనే కాలవ ఉంది."

ఫోన్ ఆగింది. ఫోటో వచ్చింది.

తమ్ముడు!

కొత్త మోటార్ సైకిల్ మీద కూర్చున్నాడు. పక్కన ఏజెంటు, భుజం మీద చెయ్యి వేసి. ఇద్దరూ నవ్వుతున్నారు. పోయిన నెల ఇదే బండి మీద ఒకసారి ఇంటికొచ్చాడు. ఎవరిదిరా అంటే స్నేహితుడిది అన్నాడు. ఆమె నమ్మింది.

నీ మీద ఒట్టు అని కూడా అన్నాడు.

* * *

ఎనిమిదీ ముప్పై అయిదు. బొగ్గు పెట్టెలు కదులుతూనే ఉన్నాయి.

ఆమె సంచిని బయటికి తీస్తుంది. గేటు దీపానికి అడ్డం పెట్టి చూస్తుంది. మందపు గుడ్డ, ఏమీ కనిపించదు. చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తుంది. గలగల. తెల్లవైనా అదే చప్పుడు, బూడిదవైనా అదే. వేళ్ళతో నొక్కి చూస్తుంది. అదే సైజు, అదే గుండ్రన. వాసన చూస్తుంది. పాత గుళికలకి మాడు వాసన ఉంటుంది. కానీ లోపల ఇంకో కవరు ఉంది, గాలి కూడా దూరకుండా అతికించి. లక్క వాసన తప్ప ఇంకేమీ రాదు.

పద్దెనిమిదేళ్ళ చదువూ అనుభవమూ ఈ గుడ్డ ముందు దండగ.

తెల్లవైతే... తీసుకెళ్ళకపోతే వాడికి అన్యాయం చేసినదవుతుంది.

బూడిదవైతే... తీసుకెళ్తే తనే వాడి మెడకి ఉచ్చు బిగించినదవుతుంది.

పెద్దాఫీసరుకి ఫోన్ చేస్తే? ఏమని? సార్, మా తమ్ముణ్ణి నేనే నమ్మలేకపోతున్నానని చెప్పనా?

ఆమెకి ఏడుపొస్తుంది. రోడ్డు మీద, అందరి మధ్య, స్కూటర్ మీద కూర్చుని... ఏడుపు తన్నుకొస్తుంది. ఏమీ చెయ్యలేనితనం అంటే ఏమిటో ఆమెకి నాన్న మొహంలో ఒకసారి కనిపించింది, మూత తియ్యని డబ్బాతో గుమ్మంలో నిలబడ్డప్పుడు. ఇప్పుడు అది ఆమె దగ్గరికే వచ్చి కూర్చుంది.

ఒక్క గుళిక చూస్తే చాలు.

ఒక్కటంటే ఒక్కటి!

లక్క ముట్టుకోనక్కర్లేదు. ముద్రకి దూరంగా, సంచి అడుగున, కుట్టు ఉంది. ఒక్క కుట్టు వదులు చేస్తే పిన్నుతో లోపలి కవరుకి చిల్లి పెట్టొచ్చు. ఒక్క గుళిక జారుతుంది. రంగు చూసి మళ్ళీ తోసెయ్యొచ్చు. కుట్టు మళ్ళీ బిగించొచ్చు. ఎవరికీ తెలియదు.

ఇంకెవరైనా ఇలా చేశానంటే ఆమె వాళ్ళని కిటికీ దగ్గరే కడిగేసి ఉండేది.

జడలోంచి పిన్ను తీస్తుంది.

దారం కిందికి పిన్ను దూరుస్తుంది. మెల్లగా ఎత్తుతుంది. రాదు. తమ్ముడు గట్టిగా కుట్టాడు. అక్కకి నచ్చేలా కుట్టాలని వాడికి ఎప్పుడూ యావే. వదులు కుట్టని రెండుసార్లు వాడి సంచులే తిప్పికొట్టింది మరి!

ఇంకొంచెం ఎత్తుతుంది. దారం కదిలింది...

ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒకటే దారం. దాని ఆఖరి ముడి లక్క కింద ఉంది. ఆ సంగతి ఆమెకి తెలియనిది కాదు. వందలసార్లు చూసింది. అయినా ఆ క్షణంలో తోచలేదు.

లాగింది.

రైలు చప్పుడులో ఏమీ వినిపించలేదు. వేలికి మాత్రం తెలిసింది.

చిటుక్కున...

లక్క రెండు ముక్కలైంది!

ముద్ర మధ్యలోంచి చీలింది. ఒక ముక్క ఒళ్ళో పడింది. ఇంకోటి దారానికి వేలాడి, అదీ రాలింది.

ఆమె బిగుసుకుపోతుంది. ఎంతసేపో తెలియదు. తర్వాత ఇంకేం దాచాలన్నట్టు కవరు చింపేస్తుంది. గుళికలు అరచేతిలోకి జలజలా రాలతాయి.

తెల్లవి!

గేటు దీపం కింద తళతళా మెరుస్తున్నాయి. ఒకటి తీసి గోటితో నొక్కుతుంది. ఇంకోటి. ఇంకోటి. ఒక్క బూడిద గింజ లేదు. కొత్తది. నూటికి నూరుపాళ్ళూ కొత్తది.

వాడు అబద్ధం చెప్పలేదు!

ఆమె నవ్వేస్తుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే నవ్వుతుంది. పక్క కారువాడు వింతగా చూస్తాడు. చూడనీ! ముప్పై ఏళ్ళొచ్చాక వాడు మొదటిసారి నిజమైన ఒట్టు పెట్టాడు. ఆ గుప్పెడు గుళికల్నీ గుండెకి అదుముకుంటుంది. ఒరేయ్, నిన్ను అనుమానించాను కదరా అనుకుంటుంది.

అప్పుడు ఒడిలోకి చూసుకుంటుంది.

ఎర్రటి లక్క ముక్కలు.

నవ్వు ఆగిపోతుంది.

* * *

వెనక హారన్ మోగింది. చిన్నగా, ఒక్కసారి. పలకరింపులా.

ఆమె తల తిప్పుతుంది.

వ్యాను వెనక్కి మళ్ళుతోంది. తొందరేమీ లేదు. రోడ్డుకి అడ్డంగా తిరిగినప్పుడు గేటు దీపం దాని పక్కన పడింది. తలుపు మీద అక్షరాలు కనిపించాయి.

నమూనాల రవాణా.

రోజూ పొద్దున పదింటికి ఆమె కిటికీ దగ్గరికి సంచులు తెచ్చే వ్యాను! యార్డు నుంచి ల్యాబ్ దాకా వాటిని మోసే వ్యాను! ఎప్పుడూ పగటి వెలుతురులో చూసింది కాబట్టి ఆ పసుపు లైటు సంగతి ఆమెకి తెలియదు.

మార్చింది ఎక్కడో, ఎవరో, అంతా తేటతెల్లమైంది. తెలిసి ఏం లాభం?

ఫోన్ మోగింది.

"తెల్లవేనా మేడం?" అదే గొంతు. "మాకు తెలుసు."

ఆమె వెళ్ళిపోతున్న వ్యాను వైపే చూస్తుంది.

"మేం లాక్కుంటే దోపిడీ అవుతుంది. మీరు పెద్దాయనకి ఫోన్ చేశారని మీ వాచ్‌మన్ చెప్పాడు, మరునిమిషం మా మీద పడతారు. అందుకే ముట్టుకోలేదు. మీరే తెరవాలి. కెమిస్టు కదా, తెరవకుండా ఉండలేరని తెలుసు."

"ఆ ఫోటో..."

"బండి మా డ్రైవరుది. ఒకరోజు వాడుకోమని ఇచ్చాడు. ఫోటో దిగుదాం రా అంటే దిగాడు. మంచి కుర్రాడు. ఒకటి చెప్పి పెట్టేస్తాను మేడం. ఇప్పుడా సంచి పెద్దాయనకి ఇస్తే ఏమనుకుంటారో చూసుకోండి. సీలు పగిలిన సంచి. తెచ్చింది సొంత అక్క. మీ ల్యాబ్‌లో తెల్ల గుళికలకేం కొదవ? బూడిదవని రిపోర్టు రాసిందీ మీరే. మొన్నటిదాకా అనుమానం మీ తమ్ముడొక్కడి మీదే..."

లైన్ కట్ అయింది.

ఆమె లక్క ముక్కల్ని ఏరుతుంది. రెండు పెద్దవి, మూడు చిన్నవి. ఒకదానికొకటి ఆనించి చూస్తుంది. అతకవు. కరిగించి అతికించొచ్చు, కానీ ముద్ర పోతుంది. ముద్ర పెద్దాఫీసరు జేబులో ఉంది. దొంగ అతుకుల్ని పట్టుకోవడంలో ఆమెని మించినవాళ్ళు లేరు. తన పనిని తనే అర నిమిషంలో పట్టేస్తుంది.

ఎనిమిదీ నలభై నాలుగు.

ఆఖరి పెట్టె దాటింది. గార్డు ఎర్రదీపం దూరమవుతోంది. కర్ర లేస్తోంది.

దారి ఖాళీగా ఉంది. వెంబడించేవాళ్ళు లేరు. ఆపేవాళ్ళు లేరు.

ఫోన్ మళ్ళీ మోగింది. పెద్దాఫీసరు నంబరు!

ఎత్తుతుంది. వినిపించింది ఆయన గొంతు కాదు.

"అక్కా, నేను. సార్ వాళ్ళింట్లోనే ఉన్నాను. సార్ ఫోన్ ఇచ్చారు. ఎక్కడిదాకా వచ్చావు?"

"గేటు దగ్గర..."

"అయితే వచ్చేసినట్టే. సాక్షులు కూడా వచ్చారు. టీ తాగుతున్నారు." వాడి గొంతులో నవ్వు. రెండు రోజుల తర్వాత మొదటిసారి. "సార్ ఒకటే కంగారు పడుతున్నారు అక్కా, దారిలో సీలుకి ఏమైనా అవుతుందేమోనని. నేను చెప్పాను. మా అక్క సంగతి మీకు తెలియదు సార్, ప్రాణం పోయినా సీలు పోనివ్వదని."

వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. ఒకటి, రెండు, అన్నీ. ఎవరో కిటికీలోంచి తల బయటికి పెట్టి కదలమ్మా అంటున్నారు.

"వింటున్నావా అక్కా? సీలు బాగానే ఉంది కదా?"

అరచేతిలో తెల్ల గుళికలు చెమటకి తడిసి అంటుకుపోయాయి. ఆమె నోరు తెరుస్తుంది.

"అక్కా?"